ట్రాలీ తిరిగినంక

ఎనుమాముల మలుపు దాటిపోయిన సంగతి
బస్తాల మీద పండుకున్న మొగిలిగాడు చెప్పలేదు,
నేను సూడలేదు.
పోచమ్మమైదాన్ వచ్చినంక తెలిసింది.

పొద్దుగాల తొమ్మిది. నలభై బస్తాల తేజ మిర్చి.
స్తంభానికి గుండ్రటి బిళ్ల:
వంగిన బాణం, దాని మీదికెల్లి ఎర్రగీత.
తిరగొద్దని. నాకు సమజైంది.
అయినా స్టీరింగు తిప్పిన.

ఇంజను తిరిగింది,
సాలు కొసకు తిరిగినంత అల్కగ.
ట్రాలీ తిరగలే.
అది ఇంకా నిమిషం కిందటి తొవ్వలనే ఉన్నది.
ముందు టైరు డివైడరుకు ఆనింది,
వెనక డబ్బా నాలుగు దిక్కులకు అడ్డం.

ఇగ హారన్లు.
ఆర్టీసీ డ్రైవరు తలకాయ బయటవెట్టి
మా ఊరిని తిట్టిండు, నా లైసెన్సును తిట్టిండు,
ఎడ్లను అమ్మి ట్రాక్టరు కొన్న మా నాయిన తెలివిని తిట్టబోతుంటే
గాలి లేచింది.

మొదటి తుమ్ము ఆయినదే.
తర్వాత స్కూటీ మీది మేడం,
అరటిపండ్ల బండామె, స్కూలు ఆటోల పిల్లలు వరుసపెట్టి,
పచ్చలైటు పడ్డా కదలకుంట
చౌరస్తా చౌరస్తంత తుమ్మింది.
హోంగార్డు సదానందం విజిల్ నోట్లవెట్టుకొనే తుమ్మిండు.
అది నన్ను ఆపుడో, తుమ్ముడో
ఆయినకే తెల్వదు.

కండ్లు తుడుసుకుంట వెనక టైరు కాడ నిలవడి
"ఇటు కొట్టు. ఇంక కొట్టు. ఆపు. సీదా చెయ్."
ఆర్టీసాయన గూడ దిగొచ్చి చెయ్యూపిండు.

"ముందటి సిగ్నల్ కాడ జాగ ఉన్నది.
జర దూరంకెల్లే కుడి ఇండికేటర్ ఎయ్యి,
కుడి వారకు రా,
ఎదురొచ్చెటోళ్లను పోనియ్యి.
ఇంజనును సూసి తిరుగుడు కాదురా,
తోక ఎంత పొడుగుందో సూస్కో."
అంత చెప్పి, ఫోన్ తీసి
నంబరు ప్లేటు ఫొటో కొట్టుకున్నడు.
"అది అదే, ఇది ఇదే" అన్నడు.

ముందటి సిగ్నల్ ఎంత దూరమో!
పోతాంటె యాదికొచ్చింది,
పత్తి నుంచి మిర్చికి తిరిగి మూడేండ్లు.
అప్పు మాత్రం ఇంకా పత్తి తొవ్వలనే.

కుడి ఇండికేటర్ ఏసిన.
రెండు లారీలు, ఒక అంబులెన్సు, సైకిల్ మీద ఒక ముసలాయన,
అందరిని పోనిచ్చిన.
మెల్లగ, పెద్ద గుండ్రం తీసుకొని తిప్పిన.
వెనక్కి సూసిన. వస్తున్నది.

బస్తాల మీదికెల్లి మొగిలిగాడు లేసి
"మార్కెట్ వచ్చిందా?" అన్నడు.