తాకీ తాకని రాగి

సెప్టెంబరు పొద్దున, మావున్ రన్‌వే పక్క రేకుల షెడ్డులో
ఎంత బుద్ధిమంతురాలో ఈ ఆరు సీట్ల సెస్నా!
ఇంజను తిప్పాను.
వోల్టుల ముల్లు పద్నాలుగు దగ్గర పీట వేసుక్కూచుంది.
ఎర్రదీపం కన్ను తెరవలేదు.

"నిన్న మూడుసార్లు వెలిగింది, మ్మా.
నీళ్ళ మీద ఉన్నప్పుడు."
త్షెపో అబద్ధమాడడు. మీటరూ ఆడదు.
ఇద్దరి మధ్యా నేను,
లాగ్ పుస్తకంలో నాలుగోసారి
"నేల మీద పరీక్షించాను, లోపం కనబడలేదు" అని రాయబోయి
చెయ్యి ఆగింది.

ఇంట్లో గోలపెట్టి
క్గోట్లాలో పెద్దల ముందు నోరు మెదపని సాక్షి ఇది.

స్విచ్చి మార్చాను. రెండు రోజులు బాగుంది.
బ్యాటరీ కొసలు గీకి బిగించాను. మూడు రోజులు.
జోహాన్నెస్‌బర్గ్ నుంచి కొత్త రెగ్యులేటరు వచ్చింది,
దాని బిల్లు చూసి యజమాని ఫూరీ అన్నాడు:
"ఎగురుతోందిగా. ఎగరనీ."

ఇంజను ఆగదు, నిజమే. దాని మేగ్నెటోలు దానికున్నాయి.
కానీ ఆ దీపం ఆరకుండా ఉండిపోతే
బ్యాటరీ ఇంకో అరగంట,
ఆ తర్వాత రేడియోలో ఎవరూ ఉండరు.
వెనక సీట్లో ఎవరో అడుగుతారు, ఆ ఎర్రదేమిటని.
త్షెపో నవ్వాలి.

మధ్యాహ్నం రెండింటికి నేనూ ఎక్కాను, ఒళ్ళో మీటరు పెట్టుకుని.
ఎండ కిందనుంచి మమ్మల్ని ఎగరేసి పట్టుకుంటోంది.
రెల్లు మధ్య ఏనుగుల వీపులు.
వెలిగింది. ఒక్క రెప్పపాటు.
మళ్ళీ.
తర్వాత ఇరవై నిమిషాలు ఏమీ లేదు,
ఆ ఇరవై నిమిషాలకే నా అరచేతులు తడిశాయి.

రాత్రి ముక్కుమూత విప్పి, టార్చి పళ్ళ మధ్య కరుచుకుని
కళ్ళతో పనిలేదనుకున్నాను. కళ్ళకి తీగలన్నీ క్షేమమే.
బొటనవేలికీ చూపుడువేలికీ అప్పగించాను:
ఆల్టర్నేటరు నుంచి వెనక్కి, అంగుళం, ఇంకో అంగుళం,
బిగింపు పట్టీ దాటి,
నూనె మరక దాటి,
అక్కడ

మెత్తగా వంగింది.
ఎముక లేని చోటులా.

లాగితే పైతొడుగు జీడిపాకంలా సాగింది.
కోసి చూశాను. లోపల రాగి ఎప్పుడో తెగింది.
నేల మీద ఒకదాన్నొకటి ఆనుకుని
ఊరి కళ్ళకి కాపురం చేస్తున్న రెండు కొసలు,
పైన వణుకు మొదలవగానే ఎడమయ్యేవి.

ఆ ముక్కని నశ్యం డబ్బీలో దాచాను.
ఫూరీ చూసి, "ఇంతేనా?" అన్నాడు.
ఇంతే.

మూడు వారాలైంది. దీపం వెలగలేదు.
అయినా త్షెపో రోజూ ఎక్కగానే
దాన్ని వేలితో నొక్కి చూస్తాడు, బల్బు బతికే ఉందా అని.
ఎర్రగా వెలుగుతుంది.
వేలు తీస్తాడు.
అప్పటికి గానీ ఆ చీకటిని నమ్మడు.

రేకుల నీడలో నేను
చేతులు తుడుచుకుంటున్నట్టు నిలబడి ఉంటాను,
అతను వేలు తీసేదాకా.