శివారు తూము

ముప్పై ఒక్క ఏళ్ళు కాలవ మీద లస్కరుగా చేశాను.
షట్టరు ఎన్ని చుట్లు తిప్పితే
ఏ చేలోకి ఎన్ని అంగుళాలు ఎక్కుతుందో
చీకట్లో చేత్తో చెప్పేవాణ్ణి.

ఇప్పుడు నా పొట్టకే, ఎడం డొక్క కింద,
చిటికెనవేలంత తూము పెట్టారు. కాకినాడలో.
గొంతుకి కరెంటు పెట్టాం కదండీ, ఆ పుండు మానేదాకా అన్నారు.
పావుగంట పనన్నారు.
పావుగంట నిజమే.
ఆ తర్వాతి రాత్రినే ఎవరూ కొలవలేదు.

దగ్గితే గాలం.
గట్టు మీద ఎవరో తీరిగ్గా కూచుని లాగుతున్నట్టు.
నవ్వకూడదు, తుమ్మకూడదు, ఒత్తిగిలకూడదు.
పక్క మంచం తాతకి ఎక్కిళ్ళొస్తే
నేను నా పొట్ట పట్టుకున్నాను.
నొప్పికి పదికెన్ని మార్కులేస్తారు, వేళ్ళతో చూపించండి,
అనడిగింది నర్సు కెజియా.
రెండు చేతులూ పొట్ట మీదే ఉన్నాయి.
తీస్తేగా చూపించడానికి.

ఇంటికొచ్చాక
లుంగీ బొడ్డు కిందకి కట్టుకోవడం కొత్తగా నేర్చుకున్నాను,
వెల్లకిలా, తల ఎత్తున పెట్టుకుని నిద్రపోవడం కూడా.
వీరవేణి కాచిన ఉప్పునీళ్ళతో చుట్టూ తుడిచి
చర్మానికి అంటుకోకుండా గొట్టాన్ని రోజుకో చుట్టు తిప్పుతుంది.
తిప్పేటప్పుడు కళ్ళు మూసుకుంటుంది.
నేను తెరిచే ఉంచుతాను.
కళ్ళు మూసుకుని షట్టరు తిప్పిన లస్కరు ఎవడైనా ఉన్నాడా.

ముందు నీళ్ళు. తర్వాత వడగట్టిన రాగిజావ. మళ్ళీ నీళ్ళు.
ఓ పూట మాత్ర సరిగ్గా నలగలేదు, అడ్డం పడింది.
ఆవిడ ఏడుపు లంకించుకుంది.
గోరువెచ్చటి నీళ్ళు తెమ్మని సైగ చేశాను.
నెమ్మదిగా తొయ్యి, లాగు, మళ్ళీ తొయ్యి.
గుర్రపుడెక్క బిగిసిన తూముకీ ఇదే వైద్యం.
తొందరపడితే గట్టు పోతుంది.

వంటింట్లో ఎండు మెత్తళ్ళు వేపుకుంటోంది,
నా కోసం తలుపులు దగ్గరకేసి.
తలుపు వాసనకి అడ్డమా?
నోరూరింది.
ఊరిన నీళ్ళు మింగలేక గ్లాసులో ఉమ్మేశాను.
అరగ్లాసయింది.
అన్నం మీద కోపమొచ్చింది, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి.

మూడో వారం ఓ తేన్పు వచ్చింది.
అందులో రాగి రుచి.
లోపలి నుంచి, వెనక గుమ్మంలోంచి వచ్చినట్టు.
వీరవేణిని పిలవడానికి గొంతు లేదు.
మంచంకోడు మీద గరిటెతో కొట్టాను, పరిగెత్తుకొచ్చింది,
ఏమైందో చెప్పలేక ఇద్దరం కాసేపు అలా చూసుకున్నాం.

నిన్న బేబమ్మ వచ్చింది, శివారు కౌలుదారు.
ఓ ఏడు దాళవాకి నీళ్ళు చాలక వంతులు పెట్టారు.
అర్ధరాత్రి లాంతరు పట్టుకుని కాలవగట్టుకి వచ్చింది.
చేను పొట్ట మీదుంది బాబూ, అంది.
ఒక్క వేలు ఎత్తి చూపించింది. ఒక్క గంట.
నీ వంతు శుక్రవారం అన్నాను.
శుక్రవారానికి ఆ చేలో అంతా తాలు.

మర్చిపోయిందో లేదో ముఖం చూస్తే తెలీలేదు.
చంకలో రెండు బొండాలు.
ఇవి పొయ్యొచ్చా అందులో, అనడిగింది.
వీరవేణి పల్చటి గుడ్డలో వడగట్టింది.
సిరంజి బేబమ్మే పట్టుకుంది.
మరీ ఎత్తుకి లేపితే చెయ్యి ఊపాను, కాస్త దించింది.
పల్లం సంగతి శివారు వాళ్ళకి చెప్పాలా.

నాలుక్కి ఏమీ తెలీలేదు.
కడుపులో మాత్రం చల్లగా,
ఇక్కడి నుంచి ఇక్కడికి, అని గీత గీసి చూపించొచ్చు.
తూము చుట్టూ ఇంకా సలుపుతోంది,
కెజియా అడిగితే నాలుగు వేళ్ళు ఎత్తేవాణ్ణి.

చాలా బాబూ, అంది బేబమ్మ.

ఒక్క వేలు ఎత్తాను.

ఆవిడ ఆ వేలి వంక కాసేపు చూసింది.
తర్వాత రెండో బొండాం కోసం కత్తి అడిగింది.