శ్లాబు పోసిన రాత్రి

ఎల్ ఆల్టోలో పొద్దు వాలకముందే
చలి కొండ దిగింది.

పదిహేను బస్తాల సిమెంటు, ఏటి కంకర,
నాలుగేళ్ళ ఉల్లిపాయల బేరం
పైన ఇంకా పచ్చిగానే ఉంది.

మేస్త్రీ ఎలియోదోరో తాపీ కడుక్కుంటూ అన్నాడు:
"లోపలి నీళ్ళు గడ్డకట్టాయా,
పెచ్చులూడిపోద్ది."

ఫెర్మీనా గడ్డి పరిచింది. చాల్లేదు.
ఖాళీ బస్తాలు కప్పింది.
మంచం మీది మూడు దుప్పట్లూ నిచ్చెనెక్కాయి.
మూలన జానెడు మిగిలితే
పోయిన మొగుడి కోటు.

పై అంతస్తుకని వదిలిన ఊచలకు మంచు పడుతోంది.

నడిరేయి చెయ్యి దూర్చి చూసింది.
వెచ్చగా ఉంది.
జ్వరం కాదు,
లోపలెవరో పనిలో ఉన్న వేడి.

కింద ముడుచుకున్న పిల్లలిద్దర్నీ లేపుకొచ్చి
వాళ్ళ వేళ్ళు దుప్పటి కింద పెట్టించింది.
"నొక్కకండి,
ఇంకా రాయి కాలేదు."