ఎర్తు గుంత

మూడు డాక్‌లు తెప్పించినా.
ఒకటి అగ్గిపెట్టంత, ఒకటి ఇటుకంత,
మూడోది నా నెల జీతమంత.
కంప్యూటర్లో అంకెలుగా పండుకున్న పాటని
లేపి కూర్చోబెడతాయంట.
అనంతపురం, మే నెల, రాత్రి పదకొండు.

పరీక్షకు పెట్టింది ఒక్కటే:
తాడిపత్రి పెండ్లిలో సుంకన్న మామ ఊదిన సన్నాయి.
రాగం ఎత్తుకునే ముందు
ఆయన పీల్చే గాలి ఉంటుంది చూడు,
అది దేంట్లో వినబడితే అది కొందామని.

ఇటుకలో వినబడలే. జీతంలోనూ వినబడలే.
గుంయ్‌మని ఒకటే జోరీగ,
కొలతల కాగితాల్లో ఎక్కడా రాయని జోరీగ.

పొద్దున్నే కరెంటు పని మస్తానయ్య వచ్చి
డబ్బాల తట్టు చూడనే లేదు.
గోడ పక్కకు పోయి, వంగి,
మన్ను వేళ్లతో నలిపి
“నేలే ఎండిపోతే ఎర్తు యాడిదప్పా?
రెండు బిందెల నీళ్లు పొయ్, పిడికెడు ఉప్పెయ్” అన్నాడు.

ట్యాంకరు నీళ్లు.
నాలుగు దినాలకొకసారి వచ్చేవి.
మా ఓబులమ్మ చూడకుండా పోసినా.
గుంత గటగటా తాగింది,
ఆరేడు నెలల దప్పిక.

ఆ రాత్రి మళ్లీ పెట్టినా,
అగ్గిపెట్టంత దాన్నే.
జోరీగ లేదు.
ఎవరో లోటా కింద పెట్టిన చప్పుడు,
పసిపాప దగ్గు,
తర్వాత మామ ఊపిరి, నిండుగా.
రాగం ఇంకా మొదలు కాలేదు.