కందెన

మిల్డూరాలో జనవరి. నలభై నాలుగు డిగ్రీలు.
విడిభాగాల కొట్లో ఒక గోడంతా నూనె డబ్బాలే.
సున్నా ఇరవై, ఐదు ముప్ఫై, పది నలభై, పదిహేను యాభై:
ఎక్కాల పుస్తకం చింపి అరల్లో సర్దినట్టు.

"అంకెల మధ్య ఆ డబ్ల్యూ ఏమిటి?" అన్నాను.
"చలికాలం" అన్నాడు రెనాటో,
కాలరుతో మెడ తుడుచుకుంటూ.
బయట తారు కరిగి చెప్పుల్ని పట్టుకుంటోంది.
లోపల డబ్బా డబ్బాకీ ఒక చలికాలం.

బండి వయసెంత? ఎన్ని కిలోమీటర్లు తిరిగింది?
పొద్దున్నే లేవగానే దగ్గుతుందా?
పొగ తెలుపా, నలుపా, నీలమా?
ఊయెన్ దాకా ఇల్లిల్లూ తిరిగి పుళ్లకు కట్లు మార్చే నర్సుని,
రోజూ నేనడిగే ప్రశ్నలే ఇవి.
నాకే జవాబులు రాలేదు.

"ఖరీదైనది ఇచ్చేయండి, పోనీ."
నవ్వాడు.
"పాత ఇంజనుకి లోపల సందులు పెరుగుతాయమ్మా.
పల్చటిది నీళ్లలా జారిపోతుంది.
మరీ చిక్కటిదా, తెల్లారి మొదటి నిమిషం
అది పైకెక్కేలోపే ఇనుము ఇనుమును నాకుతుంది."
ఆముదం గుర్తొచ్చింది,
చెంచా బోర్లించినా దిగిరాని దాని మొండితనం.
ఎడ్లబండి ఇరుసే నయం. ఏ కందెన పూసినా కిర్రు ఆగేది.

అప్పుడు తీశాను, డాష్‌బోర్డు అరలో దొరికిన నీలం అట్ట పుస్తకం.
నాకు ముందు ఈ కారు విన్‌ఫ్రెడ్ పాస్కో గారిది.
పంతొమ్మిదేళ్లు. నూనె మార్చిన ప్రతిసారీ తేదీ, మీటరు, అంకె.
మొదట్లో ఐదు ముప్ఫై, నిటారుగా నిలబడ్డ అక్షరాలు.
లక్షా డెబ్బై వేల దగ్గర "టకటక మొదలు. పది నలభై."
రాత వంకరపోయినకొద్దీ నూనె చిక్కబడుతూ వచ్చింది.
ఆఖరి పేజీకి తేదీ లేదు.
"నీలం పొగ. ఇంకాస్త చిక్కగా?"
ఆ ప్రశ్న గుర్తు తోక కాగితం అంచుదాకా జారింది.

రెనాటో కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చదివాడు.
"నా మాట ఒక్కటీ వినేది కాదు" అన్నాడు.
పదిహేను యాభై దించాడు. ఫిల్టరుకి డబ్బు తీసుకున్నాడు.
గరాటుకి తీసుకోలేదు.

ఎండ దిగాక బోల్టు విప్పాను.
పాతది మాడిన పాకంలా వచ్చింది,
సగం బేసినులోకి, సగం నా మోచేతి మీదికి.
కొత్తది తేనె రంగు. దానికేం తొందర లేదు.
పుల్ల తీసి, తుడిచి, మళ్లీ ముంచి చూశాను.
రెండు గీతల మధ్య.
తాళం తిప్పితే ఒక్క దగ్గు, తర్వాత గురక.
పొగ ఏ రంగో చూద్దామని వెనక్కి వెళ్లేసరికి
చీకటి పడిపోయింది.

పాస్కో గారి ప్రశ్న కింద తేదీ వేశాను, అంకె వేశాను.
జవాబు పొద్దున రాస్తాను, ఇంజను చల్లారి లేచాక.
కాగితం మీద అప్పటికే
నా బొటనవేలి ముద్ర పడిపోయింది.