పాత పద్నాలుగు

పద్నాలుగో నంబరు పలకని ఊడదీసింది నేనే.
సస్కాచెవాన్ చలికి బోల్టులు మొరాయిస్తే
ఒరీసియా హ్రిన్‌చుక్ తన పెట్రోలు బంకులోంచి
చుక్క నూనె తెచ్చిపోసింది, ఏమీ అనకుండా.

ఆ వంపు ఎందుకొచ్చిందో మ్యాపుకి తెలీదు.
మొదట బళ్లు తోలినవాళ్లు
బురదమడుగు చూసి పక్కకి తిప్పారు, అంతే.
ఎడ్ల బెదురు మీద కంకర పడింది,
కంకర మీద తారు.

డెబ్భై నాలుగులో ఇంజనీర్లు స్కేలు పెట్టి గీశారు.
ఆరు నిమిషాలు ఆదా అన్నారు.
ఆ ఆరు నిమిషాల్లోనే కదా
జనం ఆగి కాఫీ తాగేది,
టైర్లు తన్ని చూసుకునేది,
గోధుమ ధరని తిట్టుకునేది.

నంబరు కొత్త రోడ్డుతో వెళ్లిపోయింది.
దీనికి ఏడొందల డెబ్భై ఒకటి అంటగట్టారు.
పై నెలలో అటు వెళ్తే
పాత పలక ఆమె కోళ్లగూటికి తలుపైంది.
నేను తీసిందే. నేను బిగించిందీ కాదు,
అయినా చూపు తిప్పుకున్నాను.

ఈ ఏప్రిల్‌లో మంచు కరిగి
మడుగు తన చోటుకి తను వచ్చింది.
తొమ్మిది రోజులు కొత్త రోడ్డు నీళ్లలో;
లారీలన్నీ వంపు మీదుగానే.
బంకు లేదు, ఒరీసియా లేదు.

ఓ డ్రైవరు అద్దం దించి
ఇది ఏ నంబరు రోడ్డని అడిగాడు.
నోటికి పాతదే వచ్చింది.