తడి మన్ను

మా ఇంట్లో వైన్ గది అంటే
నేలలో మెడదాకా పాతేసిన ఎనిమిది కుండలు.
ఒక్కోదాంట్లో మనిషి దిగి నిలబడొచ్చు.
క్వెవ్రి అంటాం మేము.
అక్టోబరులో తొక్కిన ద్రాక్ష
తొక్కతో, గింజతో, తొడిమతో సహా
అందులోకి దిగి కుతకుతలాడి, అలిసి,
నవంబరు చివర నోరు మూసుకుంటుంది.
అప్పుడు పలకరాయి మూత పెట్టి, చుట్టూ మన్ను మెత్తి,
మా బెబియా బొటనవేలితో సిలువ గీస్తుంది.
ఇక ఈస్టర్ దాకా
అది దేవుడి వంతు.

దేవుడి వంతే గానీ,
మన్ను ఎండితే బీటలిస్తుంది.
అందుకని రోజూ తెల్లారగట్ల
చెంబుతో నీళ్ళు పట్టుకుని వెళ్ళేది మా నాయనమ్మ.
ఎనిమిది మూతలు, ఎనిమిది సార్లు వంగడం.
మోకాళ్ళ చప్పుడు నా పక్కలోకి వినిపించేది.
"కాచుకోవడమంటే చేతులు ముడుచుక్కూర్చోవడం
అనుకున్నావా?" అనేది, నేనేమీ అడగకుండానే.

ఆ ఏడు నాకు పదిహేడు.
యుద్ధం అయిపోయింది, కరెంటు లేదు,
రొట్టె కోసం నిలబడ్డ వరుసలో
ముందువాడి వీపు చూసి చూసి విసుగెత్తింది.
ఏదైనా సరే, ఇప్పుడే కావాలి నాకు.
జనవరిలో ఒక రాత్రి గెలా, వాడి తమ్ముడూ వచ్చారు.
కొవ్వొత్తి వెలుగులో మూడో కుండ మూత
జానెడు పక్కకి జరిపాను.
చల్లగా, మసకగా, ఇంకా పసితనం వదలని రుచి.
బాగుందని అబద్ధమాడుకుంటూ తాగాం.
మన్ను మళ్ళీ మెత్తాను,
చీకట్లో, చేతికొచ్చినట్టు.

ఆలస్యమైతే అమృతం విషమవుతుందంటారు.
మా ఇంట్లో ఆ మాట తిరగబడింది.
ఈస్టర్ వెళ్ళాక మూత తీస్తే
ముక్కు ముందే చెప్పేసింది.
తొమ్మిది వందల లీటర్ల వెనిగర్.
బెబియా గరిటె నాకి, కన్ను చికిలించి,
"పచ్చళ్ళకి పనికొస్తుంది" అంది. అంతే.
తిట్టి ఉంటే ఆ పూటతో పోయేది.
ఏడాదంతా తిన్నాం నా తొందరని,
పచ్చి టమాటాల్లో, వెల్లుల్లిలో,
జొంజోలి మొగ్గల్లో.

ఇంట్లో ఇంకో మూత ఉంది,
మా బాబాయి మాల్ఖాజ్.
యుద్ధం నుంచి కాళ్ళూ చేతులూ తెచ్చుకున్నాడు,
మాట ఒక్కటే తేలేదు.
పొయ్యి పక్కన కూర్చుని అక్రోట్లు పగలగొట్టేవాడు,
తినేవాడు కాదు.
తెలావిలో ఎవరో సూది వేసి
మూడు రోజుల్లో మాట్లాడిస్తాడట,
ఆవునమ్మితే సరిపోతుంది, అన్నాను నేనే.
ఆమె వినిపించుకోలేదు.
ప్రతి రాత్రీ ఆయన నుదుటి మీద
తడి బొటనవేలితో సిలువ గీసి పడుకునేది.
మూడేళ్ళు. వెయ్యి పైచిలుకు రాత్రులు.
"విన్నాడా నీ దేవుడు?" అన్నాను ఒకసారి, కసిగా.
"విన్నాడో లేదో ఆయన్నడుగు, జుంబెర్.
నేనైతే ఎండనివ్వలేదు."

ఆ డిసెంబరులో, రాత్రి భోజనం దగ్గర,
మొక్కజొన్న రొట్టె, చిక్కుడు గింజలు,
నా వెనిగర్‌లో ఊరిన మొగ్గలు.
బాబాయి ఒకటి నోట్లో వేసుకున్నాడు.
మొహం ముడుచుకుంది.
"పులుపు" అన్నాడు.
తుప్పు పట్టిన గడియ జరిగినట్టుంది గొంతు.
"మరీ పులుపు."

మా అమ్మ చేతిలో గిన్నె ఒరిగి
పులుసు బల్లంతా పాకింది.
అందులో నా తప్పు ఎంత, ఆమె తడి ఎంత,
పైవాడి వంతు ఎంత,
నలభై దాటినా లెక్క తేలలేదు నాకు.
తొందరపడ్డం మంచిదే అయిందని మాత్రం
ఆ వెనిగర్ తిన్న నోటితో అనలేను.

బెబియా ఏడవలేదు, మోకరిల్లలేదు.
తేనె గిన్నె కొడుకు వైపు జరిపి,
చెంబు తీసుకుని చీకట్లోకి వెళ్ళింది.
నడుం నొప్పితో ఆ పొద్దున తడపలేదట.
ఆ ఏడు మూసినవి ఏడే.
మూడో కుండ నోరు తెరుచుకుని ఖాళీగా ఉంది.
నేనూ వెనకే వెళ్ళాను.
మూడు తను తడిపింది,
నాలుగు నేను.